బండి మీదే తయారయ్యే అమైనో ఆమ్లం

మా పిన్నికి లివర్ పరీక్షల్లో అంకెలు నెలల తరబడి దిగకపోతుంటే డాక్టరు గారు ఇంకో రక్తపరీక్ష రాశారు. రిపోర్టు చేతికొచ్చాక చూస్తే అందులో ఒక సన్నటి పట్టీ ఫోటో ఉంది. పట్టీ పొడవునా కొన్ని చోట్లు గుర్తుపెట్టి, ఒక్కోదాని పక్కన పొడి అక్షరాలతో ఒక పేరు రాశారు. మిగతావన్నీ ఖాళీ. ఒక్కచోట మాత్రం ముదురు గీత పడింది. దాని పక్కన "ఎస్‌ఎల్‌ఏ/ఎల్‌పీ" అని ఉంది. "ఇదేం గీత నాన్నా? నా ఒంట్లో ఏముందని?" అంటూ పిన్ని ఒకటే టెన్షన్.

డాక్టరు గారు చెప్పాల్సింది చెప్పారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కాలేయం మీద పడుతోంది, దీన్ని ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటారు, మందులతో అదుపులో పెట్టొచ్చు అన్నారు. మందులు మొదలయ్యాయి. పిన్ని ఇప్పుడు బాగానే ఉంది. డిగ్రీ పిల్లలకు జీవరసాయనం చెప్పే నాకు మాత్రం ఆ గీత పక్కనున్న పేరు మనసులోంచి పోలేదు. ఆ పేరు వెనక ఉన్నది ఒక ఎంజైమ్. సెలీనియం ఉన్న ఒక అమైనో ఆమ్లాన్ని మన కణాల్లో తయారుచేసే ఎంజైమ్. దాని పేరు సెప్‌సెక్‌ఎస్. పిన్ని అడిగినప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ అమైనో ఆమ్లం సంగతి చూద్దాం. ప్రోటీన్లంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు గుచ్చిన దండలని స్కూల్లో చదువుకున్నాం. ఆ ఇరవైలో సెరీన్, సిస్టీన్ అని రెండున్నాయి. అచ్చం అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తేడా ఒక్క పరమాణువే. సెరీన్‌లో ఆక్సిజన్ ఉన్నచోట సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. అదే చోట సెలీనియం కూర్చుంటే అది సెలెనోసిస్టీన్, ఇరవై ఒకటో అమైనో ఆమ్లం. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్, గంధకం, సెలీనియం ఒకే నిలువు వరసలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. చూడ్డానికి ఇది వరసలో ఒక మెట్టు దిగడమే. కణానికి మాత్రం ఆ ఒక్క మెట్టు దిగడానికి ఒక ప్రత్యేక ఏర్పాటే కావాల్సొచ్చింది.

సెలీనియాన్ని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1817లో కనుక్కున్నాడు, గంధకామ్లం తయారుచేసే ఫ్యాక్టరీలో అడుగున మిగిలిన మడ్డిలో. అప్పటికే భూమి పేరుతో టెల్లూరియం ఉంది కాబట్టి దాని చుట్టంలా కనబడిన దీనికి గ్రీకుల చంద్రదేవత పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా జీవులకు సంబంధించినంతవరకు సెలీనియం అంటే విషమే. 1957లో అమెరికాలో క్లాస్ ష్వార్జ్ ఎలుకల మీద చేసిన పనితో ఆ మాట మారింది. ఒక రకం మేత తిని కాలేయం కుళ్లి చచ్చిపోయే ఎలుకలు, లేశమాత్రం సెలీనియం అందితే బతికాయి. 1973లో గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లో సెలీనియం ఉందని తేలింది. ప్రోటీన్‌లో అది ఏ రూపంలో ఉందో 1976లో థ్రెస్సా స్టాడ్‌మన్ బృందం ఒక బ్యాక్టీరియా ప్రోటీన్‌ను విప్పి చూపించింది. ఆ రూపమే సెలెనోసిస్టీన్.

గంధకం ఉండగా సెలీనియం ఎందుకు? క్లాసులో పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, అడగాల్సిన ప్రశ్న కూడా. సిస్టీన్‌లో గంధకం తన హైడ్రోజన్‌ను గట్టిగానే పట్టుకుని ఉంటుంది. దాని పీకేఏ, అంటే సగం హైడ్రోజన్లు వదిలిపోయే పీహెచ్, 8.3 దగ్గర. కణం లోపల పీహెచ్ 7 చుట్టుపక్కల. అంటే అక్కడ సిస్టీన్‌లో ఎక్కువ భాగం హైడ్రోజన్‌ను వదలకుండానే ఉంటుంది. సెలెనోసిస్టీన్ పీకేఏ 5.2 దగ్గర. అది అదే కణంలో హైడ్రోజన్‌ను వదిలేసి, రుణావేశంతో, చర్యకు సిద్ధంగా నిలబడి ఉంటుంది. ఈ.కోలై బ్యాక్టీరియాలో ఫార్మేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. అందులో సెలెనోసిస్టీన్ తీసేసి సిస్టీన్ పెడితే పని వేగం వంద రెట్లకు పైగా పడిపోయింది.

వేగం ఒక్కటే కారణం కాదు. గంధకానికి ఆక్సిజన్ మరీ ఎక్కువ పట్టిందంటే మళ్లీ మామూలు స్థితికి రావడం కష్టం, ఆ ఎంజైమ్ పని అక్కడితో అయిపోయినట్టే. సెలీనియం అలా ఆక్సిజన్ పట్టినా తేలిగ్గా తేరుకుంటుంది. కణాల పొరల్లో కొవ్వులు చెడిపోకుండా చూసే జీపీఎక్స్4 అనే ఎంజైమ్ మీద 2018లో వచ్చిన ఎలుకల అధ్యయనం ఈ విషయంలో నన్ను బాగా కదిలించింది. దానిలో సెలెనోసిస్టీన్ స్థానంలో సిస్టీన్ పెట్టారు. పిల్లలు పుట్టాయి, అంటే కొంతవరకు నెట్టుకురావచ్చు. కానీ సుమారు మూడు వారాలకే మూర్ఛలతో చచ్చిపోయాయి. మెదడులో ఉద్రేకాన్ని అదుపుచేసే ఒక రకం నాడీకణాలు ఆ మార్పును తట్టుకోలేకపోయాయి. మెదడు మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంత చురుకైన పదార్థాన్ని కణంలో విడిగా తిరగనిస్తే ఏమవుతుంది? కనబడినదానితోనల్లా చర్య జరుపుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సిస్టీన్‌ను మోసుకెళ్లే ఏర్పాటు సెలెనోసిస్టీన్‌ను చూసి సిస్టీనే అనుకుని ఎక్కించుకోగలదు. అప్పుడది ఏ ప్రోటీన్‌లో పడితే ఆ ప్రోటీన్‌లో చేరిపోతుంది. కావాలి, కానీ విడిగా ఉండకూడదు. సెలెనోసిస్టీన్ తయారీలో వింతగా కనిపించే ప్రతి ఏర్పాటుకూ మూలం ఈ ఇబ్బందేనని నా అభిప్రాయం.

ఆ ఏర్పాట్లలో మొదటిది సంకేతం. 1986లో రెండు బృందాలు వేరువేరుగా ఒకే వింత చూశాయి. ఒకరు ఎలుక గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ జన్యువు చదివారు, మ్యూనిక్‌లో ఆగస్ట్ బోక్ బృందం ఈ.కోలై ఫార్మేట్ డీహైడ్రోజినేజ్ జన్యువు చదివింది. రెండింటిలోనూ సెలెనోసిస్టీన్ రావాల్సిన చోట డీఎన్ఏలో టీజీఏ అనే మూడక్షరాల గుర్తు ఉంది. జన్యువుకు నకలుగా తయారయ్యే సమాచార ఆర్ఎన్ఏలో అది యూజీఏ. మామూలుగా దాని అర్థం "ఇక్కడితో ఆపు". ఆపమని చెప్పే గుర్తే ఇక్కడ "సెలెనోసిస్టీన్ పెట్టు" అని ఎలా అర్థమవుతుంది? మనలాంటి జీవుల్లో ఆ సమాచార ఆర్ఎన్ఏ చివర, ప్రోటీన్ సంకేతం అయిపోయాక వచ్చే భాగంలో, ఒక మడత ఉంటుంది. సెసిస్ అంటారు. అది ఉన్న ఆర్ఎన్ఏలోనే యూజీఏకి ఈ రెండో అర్థం. మనిషిలో ఇలాంటి ప్రోటీన్ల జన్యువులు 25. అందులో సెలెనోప్రోటీన్ పీ అనేదానిలో ఏకంగా పది సెలెనోసిస్టీన్లుంటాయి. ఈ సంకేతం కథ దానంతటదే పెద్దది. ఇక్కడ ఇంతతో వదిలి తయారీలోకి వెళ్తాను.

మిగతా ఇరవై అమైనో ఆమ్లాల పద్ధతి ఇది. సరుకు ముందే తయారై కణంలో ఉంటుంది. టీఆర్ఎన్ఏ అనే చిన్న ఆర్ఎన్ఏ బండిలాంటిది. ఒక్కో సరుకును దాని బండి మీదికి ఎక్కించే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. ప్రోటీన్ దండ గుచ్చే యంత్రమైన రైబోజోమ్ దగ్గరికి బండి వెళ్లి సరుకు దింపుతుంది. సెలెనోసిస్టీన్‌కు అలా ఎక్కించే ఎంజైమ్ లేనే లేదు, ఎందుకంటే ఎక్కించడానికి విడిగా సరుకు ఉండదు. అది బండి మీదే తయారవుతుంది.

ఆ బండి కూడా మామూలు బండి కాదు. సాధారణ టీఆర్ఎన్ఏలో 76 అక్షరాలకు అటూ ఇటూగా ఉంటే మనిషిలో దీనికి 90 ఉంటాయి. సరుకు తగిలించే వైపు చేయి, మామూలు వాటిలో 12 జతల మేర ఉండేది, దీనిలో 13 జతలు. ఒక్క జత పొడవు. ఆ చిన్న పొడుగే తర్వాత వచ్చే ఎంజైములకు ఆనవాలు.

మొదటి అడుగులో దీని మీదికి సెరీన్ ఎక్కుతుంది. ఎక్కించేది మామూలు సెరీన్ బండ్లను నింపే ఎంజైమే. ఇక్కడే ప్రమాదం ఉంది. ఇప్పుడీ బండి మీద ఉన్నది మామూలు సెరీన్. ఇలాగే రైబోజోమ్‌కు చేరితే సెలెనోసిస్టీన్ ఉండాల్సిన చోట సెరీన్ పడి ఎంజైమ్ చచ్చుబడుతుంది.

బ్యాక్టీరియాలో బోక్ బృందం కనిపెట్టిన సెల్ఏ అనే ఎంజైమ్ ఆ సెరీన్‌ను ఒకే దెబ్బలో సెలెనోసిస్టీన్‌గా మార్చేస్తుంది. పది ఒకేలాంటి ముక్కలు గుండ్రంగా కూడిన పెద్ద ఎంజైమ్ అది. మన దారి వేరు, రెండు మెట్లు. మొదట పీఎస్‌టీకే అనే కైనేజ్ వచ్చి, ఈ ప్రత్యేకమైన బండిని గుర్తుపట్టి, సెరీన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అది ఫాస్ఫోసెరీన్ అవుతుంది. ఎంజైమ్ పేరులో "సెప్" ఈ ఫాస్ఫోసెరీనే, "సెక్" సెలెనోసిస్టీన్. 2004లో ఈ కైనేజ్ దొరికినప్పుడు తర్వాతి మెట్టు ఎవరిదో ఇంకా తెలియదు.

ఫాస్ఫేట్ తగిలించడం దండగ ఖర్చులా కనిపిస్తుంది కానీ కాదు. సెరీన్‌లో ఉన్నది హైడ్రాక్సిల్ గుంపు, దాన్ని ఊడబెరకడం కష్టం. ఫాస్ఫేట్ అయితే తేలిగ్గా ఊడి వెళ్లిపోతుంది. పైగా అది ఒక ముద్రలాంటిది. సెప్‌సెక్‌ఎస్ ముద్ర లేని సెరీన్‌ను మార్చదు. కాబట్టి కణంలో వేలకొద్దీ తిరిగే మామూలు సెరీన్ బండ్లకు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు సెప్‌సెక్‌ఎస్ లోపలికి వెళ్దాం. నాలుగు ఒకేలాంటి ముక్కలు, రెండు జతలుగా కూడి ఉంటాయి. ఒక జత బండిని పట్టి నిలబెడితే రెండో జత దాని కొస మీదున్న సరుకు మీద పని చేస్తుంది. పని జరిగే చోట లైసీన్ అనే అమైనో ఆమ్లానికి అంటిపెట్టుకుని పైరిడాక్సల్ ఫాస్ఫేట్ ఉంటుంది. ఇది మన తిండిలోంచి వచ్చే విటమిన్ బీ6 రూపమే. బండి వచ్చి సరిగ్గా కూర్చున్నాక ఫాస్ఫోసెరీన్ నత్రజని ఆ లైసీన్‌ను పక్కకు నెట్టి బీ6ను తాను పట్టుకుంటుంది. బీ6 ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది. ఒక హైడ్రోజన్ పోతుంది, వెంటనే ఫాస్ఫేట్ ఊడిపోతుంది. మిగిలింది జంట బంధంతో ఉన్న ఒక అసంపూర్ణ రూపం. ఆక్సిజన్ పోయింది, సెలీనియం ఇంకా రాలేదు. ఆ ఖాళీలోకి సెలెనోఫాస్ఫేట్ వచ్చి సెలీనియాన్ని అప్పజెబుతుంది, దానితో వచ్చిన ఫాస్ఫేట్ కూడా విడిపోతుంది. లైసీన్ తిరిగి తన బీ6ను తాను పట్టుకుంటుంది. బండి మీద ఇప్పుడున్నది సెలెనోసిస్టీన్. మొదటి నుంచి చివరి దాకా సరుకు బండిని వదల్లేదు. ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నా బోర్డు మీద ఈ మెట్లు గీసే ప్రతిసారీ, ఆ మధ్యలో వచ్చే అసంపూర్ణ రూపం దగ్గర నా చేయి కాసేపు ఆగుతుంది.

సెలీనియం తెచ్చిన ఆ సెలెనోఫాస్ఫేట్ ఎక్కడిది? సెలెనోఫాస్ఫేట్ సింథటేజ్ 2 అనే ఎంజైమ్, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి తయారుచేస్తుంది. ఏటీపీ అనగానే నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి, జర్మనీలో లోమన్‌తో సంబంధం లేకుండా, ఆ పదార్థాన్ని పట్టుకున్నవారు ఆయన. ఈ ఎంజైమ్‌లో ఇంకో విశేషం ఉంది. మనలాంటి జీవుల్లో సెలెనోఫాస్ఫేట్ సింథటేజ్ 2లోనే ఒక సెలెనోసిస్టీన్ ఉంటుంది. సెలెనోసిస్టీన్ తయారీకి కావాల్సిన ఎంజైమ్‌లో సెలెనోసిస్టీన్! విత్తు ముందా చెట్టు ముందా అన్న ప్రశ్న ఇక్కడ మాటవరసకు వేసేది కాదు, నిజంగానే ఎదురవుతుంది. తల్లి అండంలోంచి వచ్చిన కణద్రవ్యంలో పాత ఎంజైములు ఉంటాయి కాబట్టి ఏ తరమూ సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాదు.

ఇక పిన్ని రిపోర్టులో పేరు దగ్గరికి. మధ్యలో ఆ అడ్డగీత ఎందుకో తెలుసా? 1981లో జర్మనీలో ఒక బృందం కొందరు కాలేయ రోగుల రక్తంలో, కాలేయంలోనూ క్లోమంలోనూ ఉండే ఏదో ప్రోటీన్ మీద ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) చూసింది. ఆ రెండు అవయవాల పేర్ల మీద ఎల్‌పీ అన్నారు. 1987లో ఇంకో జర్మన్ బృందం కాలేయంలో నీటిలో కరిగే ఒక ప్రోటీన్ మీద ప్రతిరక్షకాలు చూసి ఎస్‌ఎల్‌ఏ అంది. రెండూ ఒకటేనని తేలాక రెండు పేర్లనూ పక్కపక్కన ఉంచేశారు. 1992లో ఇలాంటి రోగుల ప్రతిరక్షకాలతో వల వేసి చూస్తే ఆ ప్రోటీన్‌తో పాటు ఒక టీఆర్ఎన్ఏ కూడా పడింది. అది మన సెలెనోసిస్టీన్ బండే. 2000లో ఆ ప్రోటీన్ జన్యువు చేతికొచ్చింది. అప్పటికీ దాని పని ఏంటో రుజువు కాలేదు. ఆసుపత్రుల్లో రోగం పట్టించడానికి వాడుతున్నారు, కణంలో అది ఏం చేస్తుందో మాత్రం తెలియదు.

2006లో యేల్ విశ్వవిద్యాలయంలో డీటర్ సోల్ బృందం చేసిన ప్రయోగం చెప్పుకోదగ్గది. సెల్ఏ లేని ఈ.కోలై తీసుకున్నారు. దానికి సెలెనోసిస్టీన్ చేతకాదు కాబట్టి ఫార్మేట్ డీహైడ్రోజినేజ్ పనిచేయదు. ఫార్మేట్, బెంజైల్ వయోలోజెన్ అనే రంగు పదార్థం కలిపిన జెల్లీ పైన పోస్తే ఆ ఎంజైమ్ పనిచేసే చోట ఊదారంగు వస్తుంది, లేకపోతే రాదు. సెప్‌సెక్‌ఎస్ జన్యువునూ కైనేజ్ జన్యువునూ కలిపి ఈ బ్యాక్టీరియాలో పెడితే ఊదారంగు వచ్చింది. మనిషి జన్యువుతోనూ వచ్చింది. వందల కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన జీవిలో మన ఎంజైమ్ వెళ్లి దాని లోటు పూడ్చింది. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే అమెరికాలో హాట్‌ఫీల్డ్, గ్లాడిషెవ్ బృందాలు కూడా అదే మాట తేల్చాయి. 2009లో మనిషి సెప్‌సెక్‌ఎస్ తన బండిని పట్టుకుని ఉన్న త్రిమితీయ నిర్మాణం వచ్చింది. ఆ పనిలో ఉన్న థామస్ స్టైట్జ్, రైబోజోమ్ మీద కృషికి వెంకట్రామన్ రామకృష్ణన్, అడా యోనాత్‌లతో కలిసి నోబెల్ అందుకున్నది ఆ ఏడాదే.

ఈ ఎంజైమ్ నిజంగా పాడైతే ఏమవుతుందో 2010లో తెలిసింది. ఇజ్రాయెల్‌లో, ఇరాకీ, మొరాకో మూలాలున్న యూదు కుటుంబాల్లో, పుట్టినప్పుడు బాగానే కనిపించిన పిల్లలకు నెలలు గడిచేకొద్దీ మెదడు కృశించిపోవడం చూశారు. చిన్నమెదడు, పెద్దమెదడు రెండూ. కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం, మూర్ఛలు, ఎదుగుదల ఆగిపోవడం. తల్లిదండ్రులిద్దరి నుంచీ పాడైన సెప్‌సెక్‌ఎస్ జన్యువు వచ్చిన పిల్లలు వీళ్లు. ఆ ఎలుక పిల్లల మూర్ఛలు ఇక్కడ గుర్తుకురాక మానవు. సెలెనోసిస్టీన్ లోపిస్తే మెదడు తట్టుకోలేదన్నది రెండు చోట్లా కనిపిస్తుంది. ఇక ఎలుకల్లో ఆ ప్రత్యేక టీఆర్ఎన్ఏ జన్యువునే తీసేస్తే పిండం గర్భంలోనే చనిపోతుంది.

పిన్నికి ఉన్నది ఈ జబ్బు కాదు. ఇది బాగా తికమకపెట్టే చోటు కాబట్టి విడిగా చెబుతున్నాను. పట్టీ మీద గీత చూపేది ఎంజైమ్ మీద తయారైన ప్రతిరక్షకాన్ని. ఎంజైమ్ పనిచేస్తోందా లేదా అన్నది ఆ పరీక్ష చెప్పదు. ఒంట్లో సెలీనియం ఎంతుందో అసలే చెప్పదు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ గీత రాదు, కొద్దిమందికే వస్తుంది. వస్తే మాత్రం ఆ జబ్బేనని గట్టిగా అనుకోవచ్చు. అందుకే డాక్టర్లు దానికంత విలువ ఇస్తారు.

"అయితే ఆ సెలీనియం మాత్రలేవో వేసుకోనా?" అని పిన్ని అడిగింది. వద్దన్నాను, డాక్టరు గారు రాస్తే తప్ప. సెలీనియంలో ఎక్కువకూ తక్కువకూ మధ్య దూరం చాలా తక్కువ. అమెరికా లెక్కల్లో పెద్దవాళ్లకు రోజుకు 55 మైక్రోగ్రాములు చాలు, 400 దాటకూడదు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షో వంతు. తక్కువైతే ఏమవుతుందో చైనా చూసింది. హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రంలోని కెషాన్ పేరుతోనే పిలిచే గుండెకండరాల జబ్బు, నేలలో సెలీనియం బాగా తక్కువున్న ప్రాంతాల్లో పిల్లల్నీ తల్లుల్నీ పొట్టనబెట్టుకుంది. 1970లలో సోడియం సెలినైట్ మాత్రలిచ్చాక కేసులు బాగా తగ్గాయి. ఎక్కువైతే ఏమవుతుందో మన దేశంలోనే ఉంది. పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని ఊళ్ల నేలల్లో సెలీనియం ఎక్కువ. అక్కడి గోధుమలోకీ పశుగ్రాసంలోకీ అదే వస్తుంది. జుట్టు ఊడటం, గోళ్లు చెడటం, పశువుల గిట్టలు పాడవటం అక్కడ చూసిన లక్షణాలు. రెండు చోట్లా మూలం నేలే, ఎందుకంటే మొక్క నేలలో ఉన్నదే తీసుకుంటుంది.

మొక్కల విషయంలో చిన్న మెలిక ఉంది. మనం తినే వరి, గోధుమ లాంటి మొక్కలకు సెలెనోసిస్టీన్ ప్రోటీన్లు లేవు, సెప్‌సెక్‌ఎస్ దారీ లేదు. అవి సెలీనియాన్ని గంధకమనుకుని తీసుకుని, ఎక్కువగా మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంలో గంధకం బదులు పెట్టేస్తాయి. మన ఒంటికి అది అలా నేరుగా పనికిరాదు. మొత్తం విప్పి సెలీనియాన్ని బయటికి తీయాలి, సెలెనోఫాస్ఫేట్‌గా మార్చాలి, అప్పుడు మళ్లీ బండి మీద మొదటి నుంచి కట్టాలి.

మన సొంత ప్రోటీన్లు పాతబడి విరిగినప్పుడూ ఇదే పద్ధతి. వాటిలోంచి రాలిన సెలెనోసిస్టీన్‌ను అలాగే తీసుకెళ్లి కొత్త ప్రోటీన్‌లో పెట్టడం కణానికి సాధ్యం కాదు, ఎక్కించే ఎంజైమ్ లేదు కాబట్టి. సెలెనోసిస్టీన్ లైయేజ్ అనే ఎంజైమ్ కాచుకుని ఉంటుంది. ఇది కూడా బీ6తోనే పనిచేస్తుంది. విడిగా కనబడిన సెలెనోసిస్టీన్‌ను అలనీన్‌గా, సెలీనియంగా విడగొట్టేస్తుంది. అలనీన్ మామూలు సరుకుల్లో కలిసిపోతుంది. సెలీనియం మళ్లీ సెలెనోఫాస్ఫేట్‌గా మారి సెప్‌సెక్‌ఎస్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ పొడుగు చేయి ఉన్న ఒక బండి, మీద ఫాస్ఫేట్ ముద్ర పడిన సెరీన్‌తో, దాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.